చౌమహల్లా: దర్బారు నుంచి చిత్రశాల దాకా

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కూతవేటు దూరాన చౌమహల్లా ప్రాసాదం వున్నది. అసఫ్ జాహీ ప్రభువులు కొలువు తీరిన ఆ చోట ఈనాడు కళాప్రదర్శనలూ, సంగీత సభలూ జరుగుతున్నవి. నెల్లూరు సీమలోని అల్లూరు నుంచి పోయి, టిక్కెట్టు కొనుక్కొని నేనూ ఆ గడప దాటాను. పూర్వమైతే నావంటి బడిపంతులుకు ఆ యోగ్యత వుండేది కాదు. ఈ మార్పు చిన్నది కాదు. అయితే అది ఎట్లా వచ్చింది?

18వ శతాబ్ది మధ్యలో సలాబత్ జంగు కాలాన ఆరంభమైన ఈ నిర్మాణం, ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా (1857-69) నాటికి పూర్తయింది. అనగా సుమారు నూరేళ్ళ పని. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారులో పాలరాతి గద్దె, దాని మీదుగా 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలు. గోడల మీద గచ్చుతో తీర్చిన తీగెలూ, పువ్వులూ.

వాటిని చూసి ముచ్చటపడ్డాను. ఆ మాట దాచడం అబద్ధమవుతుంది. రాజభవనాలు దోపిడీకి గుర్తులు గనుక వాటి అందాన్ని మెచ్చడమే తప్పని మనలో కొందరు వాదిస్తారు. నేనట్లా అనుకోను. గచ్చులో ఆ పువ్వు విరిసింది ప్రభువు వేలికొసన కాదు, పనివాని వేలికొసన. ఆ అందాన్ని ప్రభువు ఖాతాకు వదిలివేస్తే, పేరైనా మిగలని ఆ పనివానికి రెండవసారి అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

మరి కూలి ఎవరిచ్చారు? ఖజానా ఇచ్చింది. ఖజానాను నింపింది ఎవరు? మా నెల్లూరు జిల్లా అలగానిపాడువాడైన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణా పోరాట చరిత్రలో దీనికి జవాబున్నది. సంస్థానంలోని సుమారు 5 కోట్ల 30 లక్షల ఎకరాలలో 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్. ఆ భూముల మీద శిస్తు కట్టినవాడూ, వెట్టి చేసినవాడూ రైతే. దర్బారు దీపాలలో చమురు ఆ రైతు చెమటే.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గూండాల తుపాకికి బలి అయ్యాడు. పోరాటం పల్లెపల్లెకు పాకింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1971లో రాజభరణాలూ పోయినవి. 2000 తర్వాత నిజాం కుటుంబం పూనికతో జీర్ణోద్ధరణ జరిగి, 2005లో ప్రాసాదం ప్రజలకు తెరవబడింది. 2010లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారమూ లభించింది. తలుపు తీసినది ఆ కుటుంబమే, కాదనను. కాని తలుపు తీయవలసిన కాలాన్ని తెచ్చినది మాత్రం కడవెండివంటి పల్లెలు.

కనుక దర్బారులో బొమ్మలు వేలాడదీసినంతనే కళ ప్రజలదైందని సంతోషపడి వూరుకోలేము. చిత్రకారునికి వెనుక ప్రభువు పోషకుడు; నేడు ధనికుడు పోషకుడు. పోషకుడు మారితే చాలదు, చూసే కన్నూ మారాలి. వస్తువు తనంతట తాను చరిత్ర చెప్పదు, అడిగినవానికే చెబుతుంది.

విద్యార్థులను అక్కడికి తీసుకుపోయే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. దీపగుచ్ఛాలను తప్పక చూపించండి. కాని వాటి వెలుగులో కడవెండి కూడా కనబడేటట్లు చూపించండి.