సగం రాయైన బకావలీ

ముత్తుకూరులో ఇషా నమాజ్ అయ్యాక మా నానీమా చెప్పే ఖిస్సాల్లో గులె బకావలీ ఒకటి. కొడుకు ముఖం చూడగానే బాద్షాకు చూపు పోతుంది. బకావలీ పరీ తోటలోని పువ్వు తెస్తేనే చూపు వస్తుంది. నలుగురు పెద్ద షహజాదాలు దారిలో ఒక తవాయిఫ్‌తో జూదమాడి గులాములవుతారు. చిన్నవాడు తాజుల్ ములూక్ పువ్వు తెస్తాడు. అక్కడ ఆపేసి నానీమా "అబ్ సో జావ్" అనేది.

మిగతా సగం పిల్లలది కాదని ఉర్దూ బళ్ళో చదివే రోజుల్లో పాత కితాబ్ ఒకటి దొరికాక తెలిసింది. మనిషితో ఇష్క్ చేసిందని బకావలీ మీద రాజా ఇందర్‌కు కోపం. అవును, మన ఖిస్సాలో ఇంద్రుడే! ఆయన శాపంతో ఆమె నడుము కిందంతా రాయైపోతుంది. షహజాదా రాత్రిళ్ళు గుడికి వెళ్ళి, సగం రాయైన భార్య పక్కన కూర్చుంటాడు.

ఇజ్జతుల్లా బెంగాలీ దీన్ని 1722లో ఫార్సీలో రాశాడు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో 1803 ప్రాంతంలో నిహాల్ చంద్ లాహోరీ ఉర్దూలోకి తర్జుమా చేసి 'మజ్హబె ఇష్క్' అని పేరు పెట్టాడు. చదివింది పిల్లలు కాదు, జబాన్ నేర్చుకుంటున్న కంపెనీ దొరలు. ఆ తర్వాత లక్నోలో కాశ్మీరీ పండిత్ దయాశంకర్ నసీం 'గుల్జారె నసీం' అనే మస్నవీగా మలిచాడు. 1962లో తెలుగు తెరకెక్కినప్పుడు ఎన్టీఆర్ హీరో, డైరెక్టరూ ఆయనే. సినారె సినిమా పాటలు మొదలైంది అక్కడే. పాత్రల పేర్లు మారినా 'గుల్' మాత్రం పోలేదు. ఫార్సీలో పువ్వని తెలియకుండానే తెలుగువాళ్ళు 'గులేబకావళి' అంటూ వచ్చారు.

ఇప్పుడు మన ఇళ్ళలో కొందరు బుజుర్గులు ఇవన్నీ ఫుజూల్ అంటున్నారు, ఇంద్రుడున్నాడు కాబట్టి షిర్క్ అని కూడా. నాకు ఒప్పుదల లేదు. ఖిస్సా అఖీదా కాదు.

లాహోర్‌లో ఇంతిజార్ హుసేన్ ఇలాంటి పరీ కథనే పెద్దల కోసం తిరగరాశాడు. ఆయన 'కాయాకల్ప్'లో దేవ్ కంటపడకుండా షహజాదీ రోజూ రాత్రి ఆజాద్ బఖ్త్‌ను ఈగగా మారుస్తుంది. చివరికి ఆమె మంత్రం వేయకపోయినా అతను ఈగైపోతాడు. దీన్ని మన మొహల్లాల్లో చదివితే తష్రీహ్ అక్కర్లేదు.

తెలుగులో ఓల్గా 'విముక్త'లో సీతకు, శూర్పణఖకు, అహల్యకు మాట ఇచ్చారు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. బకావలీకి అలాంటి కలం ఇంకా దొరకాలి.

మొన్న మా ఆపాకు ఆ రెండో సగం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"రాయిగా ఉన్నన్నాళ్ళూ పగలంతా ఒక్కతే ఏమనుకునేదో కితాబులో ఉందా?"

నేను చదివినవాటిలో లేదు ఆపా, అన్నాను.