కళాయి పెట్టేవాడు ఉన్నంతకాలం

1806లో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంటుకు పొరుగునే ఎదిగిన ఊరు నేరేడ్‌మెట్. ఆ ఊళ్ళోనే కాదు, తెలుగునాట ఏ వంటింటి సంగతి తీసినా, వెనకటివాళ్ళు మన్నే సామానే కొన్నారని అంటుంటారు. ఆ మాట సగమే నిజం. ఇత్తడి గిన్నె తనంతట తాను మన్నలేదు. పులుసు తగిలితే చిలుము పట్టే లోహమది. దాన్ని నిలబెట్టింది కళాయివాడు. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా పూసేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక, ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే కళాయి కాస్తా పోయేది. రోలూ అంతే: అరిగి నున్నబడితే గంట్లు కొట్టేవాణ్ణి పిలవాలి. కత్తిపీటకు సాన పట్టేవాడు రావాలి. కాబట్టి కొనదగ్గ సామానంటే, బాగుచేసే మనిషి అందుబాటులో ఉన్న సామాను అనే అర్థం చేసుకోవాలి. పైగా ఇత్తడి పాతబడినా తూకానికి అమ్ముడుపోయేది, అవసరానికి తాకట్టుకూ పనికొచ్చేది.

ఇదంతా ఆడవాళ్ళ రెక్కల కష్టాన్ని మరిచి చెప్పే పాత పాట కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చింతపండుతో బిందెలు తోమడం, రోట్లో పిండి రుబ్బడం ఎవరికీ సరదా కాదు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం వెతుకుతూ కనిపెట్టిన తుప్పుపట్టని ఉక్కు ఆ చాకిరీని చాలావరకు తగ్గించింది. కంటోన్మెంటు పక్క ఊరివాళ్ళకు ఈ తుపాకీ చుట్టరికం కాస్త నవ్వు తెప్పించాలి! స్టీలు గెలవడం సబబే, దానికి కళాయి అక్కర్లేదు. అయితే కొత్తవన్నీ స్టీలులాంటివి కావు. 1959 నుంచి మన దేశంలో తయారవుతున్న ప్రెషర్ కుక్కరు నేటికీ నిలిచిందంటే, దాని గాస్కెట్టూ వెయిటూ వీధి చివరి సామాన్ల కొట్లో దొరకడం వల్లే. నాన్‌స్టిక్ పెనానికి పూత లేస్తే తిరిగి పూసేవాడు మన వీధుల్లో లేడు. ధర ఎంతైనా, అది కొన్నేళ్ళ అద్దె సామానే.

పాత సామాను ఖరీదైనదనీ, పేదలకు అందేది కాదనీ మరో అభ్యంతరం. నిజమే, ఎందరో మట్టికుండలతోనే కాలం గడిపారు. కానీ పగిలిన కుండ స్థానంలో కొత్తది ఊళ్ళోని కుమ్మరి దగ్గరే దొరికేది. ఈసారి సికింద్రాబాద్ జనరల్ బజారులో గిన్నెల బేరమాడేటప్పుడు ధరతోపాటు ఒక మాట అడగండి: ఇది చెడితే ఎవరు బాగుచేస్తారు? కొట్టువాడు తడబడితే ఆ సామాను అక్కడే వదిలేయండి.