మారుమనస్సు ‘పొందడం’: ఆఖరి ఘడియ రక్షణపై ఒక పునఃపరిశీలన

శుభ శుక్రవారం ఏడు మాటల ధ్యానంలో రెండో మాట ఎవరి వంతుకు వచ్చినా ప్రసంగం ఒకే దారిలో నడుస్తుంది. యేసు పక్కన సిలువ మీదున్న దొంగ చివరి క్షణంలో రక్షణ పొందాడు. మీరు మాత్రం చివరి క్షణం దాకా ఆగకండి. కుడిచేత్తో పెట్టింది ఎడమచేత్తో లాక్కున్నట్టుంటుంది. ప్రసంగీకులను తప్పుపట్టి లాభం లేదు, వారికి పాఠం చెప్పినవారి వరసా ఇదే. ఆ దొంగ ఎంత ఆలస్యంగా మారాడు, అంత ఆలస్యం అందరికీ చెల్లుతుందా అన్న ప్రశ్న చుట్టూనే చర్చ తిరుగుతుంది. లూకా 23:39–43లో ఆలస్యం అసలు సమస్యే కాదని, దాన్ని సమస్యగా చేసింది తర్వాతివారని ఈ వ్యాసం వాదం. ఆ తర్వాతివారికి లొంగని ఒక ఆలోచన తెలుగు బైబిలు మాటల్లోనే దాగి ఉందన్నది రెండో వాదం.

తర్వాతివారిలో అందరికంటే గట్టివాడు 17వ శతాబ్దపు ఆంగ్లికన్ గురువు జెరెమీ టేలర్. మరణశయ్య మీది మారుమనస్సు చెల్లదని శీర్షికలోనే తీర్పు చెప్పి ప్రసంగించిన మనిషి. ఆయన తర్కం పైకి దిట్టంగానే కనిపిస్తుంది. మారుమనస్సంటే ఏడుపు కాదు, చెడు అలవాట్లు పోయి మంచి అలవాట్లు కుదురుకోవడం. అలవాటు కుదరడానికి కాలం పడుతుంది. చనిపోతున్నవాడి దగ్గర లేనిది కాలమే. మరి దొంగ సంగతి? అతను క్రీస్తును ఎరిగింది అప్పుడే, అతనిది తొలి పిలుపు, అందుకే మినహాయింపు అంటాడు టేలర్. ఈ మినహాయింపే ఆయన గోడకు పడ్డ బీట. తొలిసారి విన్నవాడికి కాలం అక్కర్లేకపోతే, మారుమనస్సుకు కాలం దాని స్వభావంలోనే అవసరమన్న మాట నిలవదు. పైగా టేలర్ ఎవరి ముందు మాట్లాడాడు? అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచి, పదవి పోయి, వేల్స్‌లోని గోల్డెన్ గ్రోవ్‌లో కార్బరీ ప్రభువు అండన ఉంటూ ఆ ఇంటివారికి చెప్పిన ప్రసంగాలవి. వాయిదా వేసుకునే తీరిక ఉన్నవాళ్ళను అదిలించడానికి చెప్పిన మాటను, తీరికే ఎరగని జనానికి సిద్ధాంతంగా అప్పజెప్పడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక మన మాట. గ్రీకు కొత్త నిబంధనలో రెండు క్రియలున్నాయి. ‘మెటనోయెయో’ మనసు మారడం, ‘మెటమెలొమై’ చేసినదానికి లోలోపల నొచ్చుకోవడం. రెండోది మొత్తం మీద 6 సార్లే వస్తుంది; అందులో ఒకటి మత్తయి 27:3లో యేసును అప్పగించిన యూదా గురించి. సంఘాల్లో నేటికీ చదివే పాత తెలుగు అనువాదం మొదటిదానికి ‘మారుమనస్సు’ అనీ, యూదా దగ్గర ‘పశ్చాత్తాపం’ అనీ వాడింది. మత్తయి 21:29లో రెండోదాన్నే మనస్సు మార్చుకోవడంగా చెప్పిన మాట నిజమే.

ఈ తేడాను గుర్తించినవారు లేకపోలేదు. వారు వదిలేసింది నామవాచకం పక్కనున్న క్రియను. పశ్చాత్తాపం ‘పడతాం’, భయపడినట్టు, బాధపడినట్టు. తాపం మనదే, అనుభవించేదీ మనమే. మారుమనస్సు ‘పొందుతాం’. గ్రీకులో అది ఒకే క్రియ, మనిషి చేసే పని. తెలుగులో అది బయటి నుంచి అందేది. బాప్తిస్మం పొందుతాం, క్షమాపణ పొందుతాం, రక్షణ పొందుతాం. మారుమనస్సూ ఆ వరసలోనే కూర్చుంది. ఇచ్చేవాడు ఒకడుంటే తప్ప పొందడం కుదరదు. పొందడానికి వ్యవధి కొలత కాదు. జీతం నెలకోసారి వస్తుంది, కానుక ఎప్పుడైనా వస్తుంది. యూదా విషయం చూడండి. తాపపడ్డాడు, నాణేలు తిరిగి ఇచ్చాడు, తప్పు నోటితో ఒప్పుకున్నాడు. టేలర్ అడిగే పనులు యూదా, దొంగ ఇద్దరిలో ఎవరైనా చేశారంటే అది యూదాయే. దొంగ ఏ సొమ్మూ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వడానికి చేతులు ఖాళీగా లేవు. తన శిక్ష న్యాయమైనదేనని ఒప్పుకున్నాడు, తనను జ్ఞాపకం చేసుకోమని అడిగాడు. అతని గురించి లూకా మారుమనస్సు అన్న మాట వాడనేలేదు. వాడకపోయినా తెలుగు పాఠకుడికి అది అక్కడ వినిపిస్తుంది, ఎందుకంటే అడగడమూ పొందడమూ రెండూ ఆ అయిదు వచనాల్లోనే జరిగిపోయాయి.

‘శిక్ష పొందు’ అని కూడా అంటామని వ్యాకరణవేత్తలు అడ్డు తగలవచ్చు; శిక్ష వేసేవాడూ ఒకడుంటాడు కదా.

ఈ ఊహ నాకు నిఘంటువులో తట్టలేదు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో, నీళ్ళలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘం వారి ఇంట తట్టింది. మంచం పట్టిన పెద్దాయన బాప్తిస్మం అడిగాడు. కాలువ దాకా మోసుకెళ్ళే స్థితి లేదు. పాస్టరుగారు చెంబుతో నీళ్ళు పోశారు. అది చెల్లదని సంఘ పెద్దలు కొందరు అలిగారు. (మంచం మీద పోసిన నీళ్ళూ చాలునని 3వ శతాబ్దంలోనే కార్తేజి బిషప్పు సిప్రియన్ మాగ్నస్‌కు ఉత్తరం రాశాడని వాళ్ళకు చెప్పబోయి మానుకున్నాను.) పెద్దాయన పోయాక మనవరాలు పాస్టరుగారిని అడిగింది: “అయ్యగారూ, మా తాత మారుమనస్సు పొందినట్టేనంటారా?” ఆయన అన్నది ఒకటే మాట: “అడిగాడు కదమ్మా.” ఎన్నాళ్ళ క్రితం అడిగాడన్న లెక్క ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

లెక్క ఎప్పుడూ బాప్తిస్మం ఇచ్చేవారి వైపు నుంచే వస్తుంది. 4వ శతాబ్దపు నియొకైసరియ సభ 12వ నియమం జబ్బులో బాప్తిస్మం పొందినవాణ్ణి గురువుగా నియమించవద్దంది; అతని విశ్వాసం ఇష్టం కొద్దీ కాదు, అవసరం కొద్దీ వచ్చిందట. ఈ ‘అవసరం’ అన్న అనుమానం పదిహేను వందల ఏళ్ళ తర్వాత ఒంగోలులో తేలింది. 1876–78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు బాధితులకు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని ఇప్పించాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మిషన్ చరిత్రకారులు దీన్ని క్లౌ జాగ్రత్తకు నిదర్శనంగా చూపుతారు. నేను తిరగేసి చదువుతాను. ఆగింది క్లౌ, నది ఒడ్డుకు వచ్చినవారి మనసుల్లో మారుమనస్సు ఆగి ఉందని ఎవరు చెప్పగలరు? ఆ కరువులో పోయినవారెందరో ఉన్నారు. అడిగి, నీళ్ళు పడకముందే పోయినవారు వారిలో ఉండి తీరాలి. టేలర్ లెక్కలో వారికి మినహాయింపుగా తప్ప చోటు లేదు. ‘పొందడం’ అన్న తెలుగు మాటకు ఆ లెక్క ఏనాడూ అక్కర్లేకపోయింది.

మారుమనస్సుకు తగిన ఫలాలు అడిగిన బాప్తిస్మమిచ్చు యోహాను మాట లూకా 3:8లో ఉంది. ఫలం చెట్టుకు రుజువే కాని, ఆ రుజువు చూపే ఋతువు దాకా ప్రతి చెట్టునూ బతకనిస్తారన్న హామీ ఆ వచనంలో లేదు; తర్వాతి వచనంలో ఉన్నది వేరున ఉంచిన గొడ్డలి.