డెసిబెల్: టెలిఫోన్ తీగ నుంచి స్పీకర్ దాకా

ఖరీదైన స్పీకర్ల మీద వాదన మొదలైతే తప్పక వినబడే మాట డెసిబెల్. ఇది సంగీతం కోసం పుట్టలేదు. దూరం పోయేకొద్దీ టెలిఫోన్ తీగలో మాట ఎంత సన్నగిల్లుతుందో అమెరికాలో మొదట ఇన్ని మైళ్ల తీగ అని లెక్కగట్టేవారు. 1924లో బెల్ టెలిఫోన్ సంస్థ ఇంజనీర్లు దాని బదులు ట్రాన్స్‌మిషన్ యూనిట్ తెచ్చారు. 1928లో దానికే డెసిబెల్ అని పేరు పెట్టారు. డెసి అంటే పదోవంతు, బెల్ అంటే అలెగ్జాండర్ గ్రాహంబెల్.

ఇది లాగరిథమ్ కొలత. 3 డెసిబెల్స్ పెరగాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. అందుకే సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 87 డెసిబెల్స్ ఉన్న స్పీకర్‌కీ, 90 ఉన్నదానికీ తేడా చిన్నది కాదు. స్పీకర్ పలికే ధ్వనుల పరిధి గురించి కరపత్రంలో '40 నుంచి 20,000 హెర్ట్జ్' అని మాత్రమే ఉంటే నమ్మకండి. ఎన్ని డెసిబెల్స్ అటూఇటూగానో అడగండి.