కారణం చెప్పని తిరస్కారం

అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడుకు మొహర్రం నెలలో కరువు సీమ పల్లెలన్నీ తరలివస్తాయి. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు, జలధి దినాలలో హిందువులూ ముస్లిములూ కుళ్ళాయిస్వామి పీరుకు చదివింపులు చేయిస్తారు. అనేకులు ఫకీరీ పట్టి మద్యమాంసాలు మానుతారు. చుట్టుపట్ల పల్లెలకు ఎవరి పీర్ల చావిడి వారిదే, ఎవరి కట్టుబాటు వారిదే. ఒక చావిడిలో ఏది తగునో మరొక చావిడి శాసించజాలదు. ఇదంతా ‘అస్లీ ఇస్లాం’ కాదనే సంస్కరణవాదుల ఆక్షేపణ కూడా ఇక్కడ గట్టిగానే వినిపించింది. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ గూగూడుపై 2013లో వెలువరించిన ఆంగ్ల గ్రంథంలో ఆ వాదమూ, స్థానికుల సమాధానమూ రెండూ కలవు. ఎవరి పక్షం సరియైనదైనా, కాదన్నవారు ఎందుకు కాదో చెప్పారు; విన్నవారు బదులు చెప్పగలిగారు.

పైన తీర్పరి లేని చోట ఒకరి మాటను త్రోసిపుచ్చడానికి షరతు ఏమిటనే ప్రశ్న హదీసు శాస్త్రంలో చాలా పాతది. ఉల్లేఖకులను పరీక్షించడానికి అందరికీ కలిపి ఒక పీఠమంటూ ఏర్పడలేదు. బస్రా, కూఫా, మదీనా, నైషాపూర్ పండితులు ఎవరికి వారే విచారించి, నమ్మదగినవారెవరో తేల్చారు. ఒకరు విడిచిన ఉల్లేఖకుని మరొకరు స్వీకరించడమూ జరిగింది. ఫలానా వ్యక్తి హదీసులను ఎందుకు వదిలివేశారని బస్రా పండితుడు షూబాను (మరణం క్రీ.శ. 776) అడిగితే, అతడు నాటు గుర్రాన్ని పరుగెత్తించడం తాను చూశానన్నాడట! షూబా అంతటి విమర్శకుడు చెప్పిన కారణమది.

డమాస్కస్‌లో బోధించిన ఇబ్నుస్ సలాహ్ (మరణం క్రీ.శ. 1245) ఈ ఉదంతాన్నే చూపి, నిందకు కారణం వివరిస్తేనే అది చెల్లుతుందన్నారు. ప్రశంసకు ఆ అక్కర లేదు. మంచితనానికి హేతువులు చెప్పి ముగించలేనన్ని. దోషం ఒక్కటి చాలు, అయితే ఏది దోషమో అందరి దృష్టిలో ఒకటి కాదు. విమర్శకుల గ్రంథాలలో కారణాలు తరచు ఉండవు కదా అనే చిక్కు కూడా ఆయనకు తోచింది. అట్టి చోట తీర్పు నిలిపి విచారించాలని, అనుమానం తీరితే ఆ ఉల్లేఖకుని స్వీకరించాలని ఆయన సమాధానం.

ఈ చర్చకు నేడు అనుకోని చోట అక్కర కలిగింది. 2016లో ఆరంభమైన మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమంలో అందరినీ శాసించే యాజమాన్యం లేదు. చావిడి చావిడికీ కట్టుబాటు వేరైనట్లే సర్వరు సర్వరుకూ నిబంధనలు వేరు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయగా, నిరసనగా పలువురు భారతీయులు ఇటు తరలారు. ఇక్కడ ఒక సర్వరు నిర్వాహకుడు మరొక సర్వరును మూయలేడు. దానితో సంబంధం తెంచగలడు. అదే ఏడు జులైలో, ద్వేష ప్రచారానికి పేరుపడిన గ్యాబ్ ఇందులో చేరగా పెక్కు సర్వర్లు అలాగే తెంచుకున్నాయి. అక్కడ కారణం లోకవిదితం. పేరులేని చిన్న సర్వరు సంగతి వేరు. ఒకరిద్దరి తప్పుకు సర్వరంతటినీ వెలివేస్తే, ఏ పాపం ఎరుగని సభ్యుల స్నేహాలూ తెగిపోతాయి. ఇతరులు కూర్చిన నిషేధ జాబితాను విచారణ లేకుండా యథాతథంగా దించుకొనే వీలు కూడా కలదు. కారణం వ్రాయడానికి ఒక గడి ఉంది. దానిని నింపడం, నింపినది బయటికి చూపడం నిర్వాహకుని ఇష్టం.