స్టీరింగు ఏల వణకును?

హైదరాబాదు నగరమున జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములు రాతిగుట్టలపై వెలసినవి. మద్రాసునుండి క్రమముగా తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఇవియే నేడు ప్రధాన నివాసములు. ఎత్తుపల్లములు, మలుపులు గల ఈ వీధులలో గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు కారు స్టీరింగు నిశ్చలముగా ఉండవచ్చును. అదే కారు ఔటర్ రింగు రోడ్డు ఎక్కి 90 కిలోమీటర్ల వేగము అందుకొనగానే స్టీరింగు చేతులలో గజగజ వణకును. మరియొక కారులో ఈ వణకు ఫిలింనగర్ దిగుడులో బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే పుట్టును. లక్షణ మొక్కటే, వ్యాధులు వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు ఇంజనీర్లు చాల కాలము శ్రమించిరి.

ఒకే ఇరుసు, రెండు చక్రములు

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911లో ఒక రోల్స్‌రాయిస్ కారుకు ఆర్డరు ఇచ్చెను. ఆ సంవత్సరముననే ఆయన మరణించుటచే అది ఏడవ నిజామునకు చేరినది. పసుపురంగుగల ఆ కారు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శింపబడినది. ఆ కాలపు చాల కార్లవలెనే దానికిని ముందు చక్రములు రెండును ఒకే ఇనుప ఇరుసునకు అమర్చబడినవి; ఇరుసుపై కమాను పట్టీలు బండి బరువును మోయును. ఎద్దుబండి ఇరుసువలె ఇది దృఢమైనదే. కాని వేగము పెరిగినకొలది దానిలోని లోపము బయటపడినది.

తిరుగుచున్న బొంగరమును ఒక ప్రక్కకు నెట్టినచో అది ఆ దిక్కునకు గాక వేరొక దిక్కునకు వాలును. వేగముగా తిరుగు చక్రమును అట్టిదే. ఒక చక్రము రాయి నెక్కినప్పుడు ఇరుసంతయు వాలును. ఆ వాలుట వలన చక్రములు ప్రక్కకు మళ్లును. మళ్లుట వలన ఇరుసు మరల ఊగును. ఒకదాని కొకటి బలమిచ్చుకొని ఊపు పెరుగును. 1923లో తక్కువ గాలిపీడనముగల బెత్తెడు వెడల్పు ‘బెలూను’ టైర్లు అమెరికాలో ప్రవేశించినవి. ప్రయాణము మెత్తనైనది గాని, ఈ వణకు మిక్కుటమైనది. నాడు ప్రచారములోనున్న ఒక నాట్యమును బట్టి దీనికి ‘షిమ్మీ’ అను పేరు వచ్చినది.

1925లో ఫ్రెంచి ఇంజనీరు బ్రూలియే, టైరు నేలపై కొంచెము ప్రక్కకు జారుట ఈ వణకులో ముఖ్యమని చూపెను. ఇంగ్లండునుండి అమెరికా వెళ్లిన మారిస్ ఆలీ మొదలగువారి కృషి ఫలితముగా 1934 నాటి కాడిలాక్ కార్లలో ముందు చక్రములు దేని కది విడిగా ఊగునట్లు అమర్చబడినవి. ఒక చక్రము గుంటలో పడినను రెండవది వాలదు. 1958నుండి 2014 వరకు మన రోడ్లపైకి వచ్చిన అంబాసిడరు కారుకును ముందువైపు ఇట్టి అమరికయే.

ముప్పది గ్రాముల ప్రతాపము

పెద్ద వ్యాధి ఇట్లు తగ్గగా చిన్న వ్యాధి మిగిలినది. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు బరువు ఎక్కువైనదనుకొందము. కేంద్రమునుండి దాని దూరము 18 సెంటీమీటర్లు. టైరు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనునకు సుమారు 13 మార్లు తిరుగును. అప్పుడు ఆ చిన్న బరువు చక్రమును సుమారు 37 న్యూటన్ల బలముతో, అనగా దాదాపు నాలుగు కిలోల బరువుతో, బయటికి లాగును. వేగము మూడవ వంతైనచో బలము తొమ్మిదవ వంతగును. అందుచేతనే జూబిలీహిల్స్ వీధిలో అది తెలియదు. ఈ లాగుడు స్టీరింగు అమరికయొక్క సహజ పౌనఃపున్యముతో కలిసినప్పుడు అనునాదము ఏర్పడి వణకు హెచ్చును. ఆ వేగము దాటగానే తగ్గవచ్చును. చక్రమును యంత్రముపై త్రిప్పి, తేలికగానున్న ప్రక్క చిన్న లోహపు ముక్కను అతికించుటయే ‘వీల్ బ్యాలెన్సింగు’.

ఎప్పుడు వణకుచున్నది?

కావున మెకానిక్కు మొదట అడుగవలసినది ‘ఏ భాగము చెడినది?’ అని కాదు, ‘ఎప్పుడు వణకుచున్నది?’ అని. ఒక వేగమున మాత్రమే వణకినచో చక్రముల సమతూకమును, రిమ్ము వంకరను, రిమ్ములోపల అంటిన బురదను చూడవలెను. బ్రేకు త్రొక్కినప్పుడే వణకినచో బ్రేకు డిస్కు మందము అంతటను సమముగా లేదని అనుమానింపవలెను. దిగుడులో చిన్న గేరు వాడక, ఎడతెగక బ్రేకు త్రొక్కుటచే డిస్కు కాగిపోవును. గుంటలో పడిన తరువాత వణకు మొదలైనచో టైరు ఉబ్బును, రిమ్మును పరీక్షింపవలెను.

చాలమంది ముందుగా ‘అలైన్‌మెంటు’ చేయింతురు. అది తప్పినచో కారు ఒక ప్రక్కకు లాగును, టైరు అసమముగా అరుగును. సామాన్యముగా వణకు అందువలన రాదు. ముందు చక్రములను వెనుకకు మార్చి చూచినచో, వణకు స్టీరింగును విడిచి సీటులో తెలియవచ్చును. అప్పుడు దోషము చక్రములదే.

ఒకదానిని మాత్రము ఆలస్యము చేయరాదు. జాకీతో ఎత్తిన చక్రమును చేతులతో ఇటునటు ఊపినప్పుడు కదలిక తెలిసినచో బాల్ జాయింటు గాని, బేరింగు గాని వదులైనదని అర్థము. జాయింటు ఊడినచో దిగుడులో కారు అదుపు తప్పును, ప్రాణములకే ముప్పు.

పాఠశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. సైకిలును తలక్రిందులుగా నిలిపి, వెనుక చక్రపు రిమ్మునకు కొంచెము బంకమట్టి గట్టిగా అంటించి, పెడలు మెల్లగాను, పిదప వేగముగాను త్రిప్పవలెను. మట్టికి ఎదురుగా అంతే మట్టి అంటించి మరల త్రిప్పవలెను. వణకు అణగుట విద్యార్థి కంటితో చూచును. ఒక్కసారి ఒక్కదానినే మార్చి ఫలితమును గమనించుట షెడ్డులోను, ప్రయోగశాలలోను ఒకే నియమము.