గోదావరి మొగలో ఫ్రాన్సు: యానాం వెళ్లే మనవాళ్లకి

చెన్నై నుంచి కాకినాడ వెళ్లే రైలు పేరు సర్కార్ ఎక్స్‌ప్రెస్. సర్కార్ అంటే గవర్నమెంటు అనుకుంటారు చాలామంది. కన్నడలో కూడా ఆ మాటకి అదే అర్థం. కానీ ఈ రైలు పేరులో ఉన్నవి ఉత్తర సర్కారులు. 1753లో నిజాం సలాబత్ జంగ్ సైన్యం ఖర్చుల కింద ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చిన కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు అన్నమాట. అయిదేళ్లు గడిచాయో లేదో, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. మరుసటి ఏడు మచిలీపట్నం కూడా చేయి జారింది. అంత పెద్ద కథలో చివరికి ఈ తీరాన ఫ్రెంచివాళ్లకి మిగిలింది మచిలీపట్నంలో ఒక చిన్న పేట, గౌతమి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం.

సెలవులు దొరికితే మన చెన్నై కుటుంబాలు ఫ్రెంచి ఊరు చూడాలని పాండిచ్చేరి వెళ్తాయి. పసుపు గోడలు, వీధి పేర్లు, కాఫీ. యానాం అలా ఉండదు. నది ఒడ్డున 100 మీటర్ల పైచిలుకు ఎత్తున ఒక టవర్ కనిపిస్తుంది, ఈఫిల్ టవర్ అని ముద్దుగా పిలుస్తారు గానీ అది నిన్నమొన్నటిది. పిల్లలకి నచ్చుతుంది, పైకి ఎక్కి గోదావరిని చూడొచ్చు. 19వ శతాబ్దపు చర్చి ఉంది, తెల్లగా, శ్రద్ధగా చూసుకుంటారు. కోట మాత్రం లేదు. ఎందుకు లేదో చెప్పే కాగితం ఉంది. ఇంగ్లీషువాళ్లు యుద్ధం వచ్చినప్పుడల్లా యానాంని లాక్కుని, సంధి అయినప్పుడల్లా తిరిగి ఇచ్చారు. చివరిసారి 1814 పారిస్ సంధిలో ఒక షరతు పెట్టారు: ఇక్కడ కోటలు కట్టకూడదు, పోలీసు పనికి కావలసినంత మందిని తప్ప సైన్యాన్ని ఉంచకూడదు. కాబట్టి యానాంలో రాళ్ల కోసం వెతికితే నిరాశే. అక్కడ ఫ్రాన్సు మిగిలింది పేర్లలో, కాగితాల్లో, మన ఇళ్లలో.

పేర్ల సంగతి ముందు. కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు. దారిలో కోరింగ మడ అడవులు వస్తాయి, 1978 నుంచి అభయారణ్యం. చెక్క వంతెన మీద మడ చెట్ల మధ్యగా నడిచి వెళ్లొచ్చు. పోటు ఉన్నప్పుడు నీళ్లు, పాటు ఉన్నప్పుడు బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు. నది సముద్రంలో కలిసే చోటుని ఇక్కడి వేటగాళ్లు మొగ అంటారు. నాకు బడిలో నేర్పిన మాట అళివె. ఈ అడవిలో సొనరేషియా అనే జాతి చెట్లున్నాయి. పియెర్ సొనరా అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పేరు అది. 1782లో ఆ పేరు పెట్టారు. ఆ తరవాత కొన్నేళ్లకి అదే సొనరా యానాం కమాండెంటుగా వచ్చి కూర్చున్నాడు! తన పేరున్న చెట్లు పెరిగే మొగకే అధికారిగా రావడం ఎంతమందికి జరుగుతుంది? చివరికి 1793లో ఇంగ్లీషువాళ్లు యానాం పట్టుకోవడంతో ఆయన కొలువు ముగిసింది.

కోరింగ ఇప్పుడొక పల్లె. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసే రేవు. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకొకటి దాన్ని ముంచేశాయి. మిగిలిన పని గోదావరి మేట చేసింది. బంగాళాఖాతం తుఫాన్ల లెక్కలు తీసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు. ఆయన చదివిన తుఫాన్లలో కోరింగవి కూడా ఉన్నాయి. కానీ రేవు మునిగినా పేరు ఓడెక్కి వెళ్లింది. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అన్నారు, మారిషస్‌లో కూడా అదే పేరు. యానాం నుంచయితే 1828లోనే కూలి ఒప్పందం మీద తెలుగువాళ్లని బూర్బోన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కి, ఓడలో తీసుకెళ్లారు. బానిసత్వం ఇంకా రద్దు కాని రోజులు. మనం తుంగభద్ర కాలవ కిందకి, అక్కణ్ణుంచి చెన్నైకి వచ్చినవాళ్లం. ఆ ఓడలెక్కినవాళ్లతో పోలిస్తే మనది పక్కింటి ప్రయాణం.

ఇక మన ఇంటి సంగతి. నానమ్మ వాళ్ల అమ్మకి పెళ్లయింది 1931లో, యానాంలో. అప్పుడామెకి పదకొండేళ్లు. మన ఇంట్లో ఈ కథ ఎప్పుడూ నవ్వుతూనే చెప్పుకుంటారు: ఎన్ని బళ్లు కట్టారు, బూందీ ఎవరు కాజేశారు, పెళ్లికొడుకు తరఫువాళ్లు రేవులో ఎలా దారి తప్పారు. యానాంలోనే ఎందుకు చేశారు అని అడిగితే, పుణ్యక్షేత్రం కదా, కళ్యాణపురం అంటారు కదా అని సమాధానం.

కళ్యాణపురం అనడం నిజమే. ఆ పేరు రావడానికి కారణం మాత్రం దేవుడు కాదు. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నెల రోజుల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, బ్రిటిష్ ఇండియాలో. యానాం ఫ్రెంచి నేల. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఏ నియమానికైనా లొసుగు ఎక్కడుందో చూడాలంటే దాని అంచు దగ్గర వెతకమంటాం. శారదా చట్టానికి అంచు యానాం పొలిమేర. గోదావరి జిల్లాల నుంచి, ఇంకా దూరాల నుంచి బళ్లు, పడవలు కట్టుకుని చిన్నపిల్లల్ని పెళ్లిపీటల మీదకి అక్కడికి తీసుకెళ్లారు.

ఈమధ్య వంశవృక్షం రాస్తుంటే ఆవిడ పేరు పక్కన 'వివాహం: యానాం, 1931' అని పెట్టాం. వయసు కూడా రాద్దాం అన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అప్పట్లో అందరూ అంతేరా, ఇప్పుడు రాసి ఆవిణ్ణి చిన్నబుచ్చడం ఎందుకు?" అంది. పెద్దమ్మ మాట తీసిపారేసేది కాదు. కానీ అందరూ అంతే అన్నది నిలవదు. యానానికి ఎగువన, అదే గోదావరి ఒడ్డున, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881లోనే వితంతు వివాహం జరిపించారు. బాల్యవివాహం మీద ఆయన, ఆయన తరవాతివాళ్లు రాస్తూనే ఉన్నారు. అయిదు దశాబ్దాలుగా ఆ జిల్లాలో వాదన నడుస్తున్న విషయం ఇది. పైగా, తెలియక చేసినవాళ్లు యానాం దాకా బళ్లు కట్టరు. చట్టం తెలుసు కాబట్టే వెళ్లారు. చిన్నబోవలసినవాళ్లు ఎవరైనా ఉంటే అది ఆ పదకొండేళ్ల పిల్ల కాదు. కథలో బూందీ ఉంది, బళ్లు ఉన్నాయి, ఆ పిల్ల అన్న మాట ఒక్కటీ లేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య తదితరులు యానాంని ఫ్రెంచి పాలన నుంచి విడిపించారు. నవంబరు 1న పాలన భారత్‌కి అందింది. చట్టప్రకారం చేతులు మారింది మాత్రం 1962 ఆగస్టు 16న. ఒప్పందంలో ఒక మాట ఉంది: ఈ ప్రాంతాల హోదా మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. అందుకే చుట్టూ ఆంధ్ర ఉన్నా యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరి కిందే ఉంది. 1965 నాటి భాషా చట్టంలో ఆ కేంద్రపాలిత ప్రాంతానికి తమిళం అధికార భాష, యానాంలో తెలుగు వాడొచ్చు అని ప్రత్యేకం. సొంత జిల్లా మధ్యలో ఉంటూ తెలుగుకి అనుమతి రాయించుకున్న ఊరు! బయట ఉన్న మనకి ఈ ముచ్చట కొత్తగా ఏమీ అనిపించదు.

పాత ఫ్రెంచి కాలం నాటి యానాం జనన, మరణ, వివాహ రికార్డులు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో పెట్టారు. అసలు యానాం వాసులైన కుటుంబాలకి బాగా పనికొస్తాయి.

వెళ్లేవాళ్లు శీతాకాలంలో వెళ్లండి. పొద్దున్నే కోరింగ, ఎండెక్కేలోపు అడవి చూసెయ్యాలి. మధ్యాహ్నం చర్చి, సాయంత్రం నది ఒడ్డు. వీలైతే 2002లో కట్టిన ఎదుర్లంక వంతెన మీద కాసేపు ఆగి దిగువకి చూడండి, దరియాలతిప్ప వైపు గౌతమి బాగా వెడల్పవుతుంది. పెళ్లి బళ్లొచ్చిన కాలంలో ఇక్కడ వంతెన లేదు, అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు పడవ దాటాల్సిందే.

వంశవృక్షంలో వయసు రాశాను. పెద్దమ్మ ఇంకా చూడలేదు.